భయానికి రెండు గుప్పెళ్ల తవుడు

దెయ్యాలున్నాయంటే నమ్మే రకం కాదండి నేను. కొట్లో పుట్టి పెరిగినదాన్ని. కొబ్బరికాయనైనా చెవి దగ్గర ఊపి చూడందే కొనను.

రామచంద్రపురంలో మాది స్టీలుసామాన్ల కొట్టు. బేరాలు నావి, బిందెలు సర్దడం మా ఆయనది. నిరుడు నాకో జబ్బు పట్టుకుంది. ఎవరైనా "ఆఖరి మాట చెప్పండి" అనగానే గుండె దడదడ, చేతులు చల్లబడిపోవడం, నోరు ఎండిపోవడం. అడిగినదానికే ఇచ్చేసేదాన్ని. ఊరంతా సంబరపడింది. మా ఆయన మాత్రం, "ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందేనే" అని దిగులుపడ్డారు.

రాజమండ్రిలో డాక్టరుగారు గుండె బాగానే ఉందన్నారు. ప్రమాదం ఎదురైతే పారిపోవడానికి ఒంట్లో ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయట. "మీ ఒళ్లు బేరగాళ్లని పులులనుకుంటోందమ్మా. ఆ దడకి మీరు హడలిపోతే, ఆ హడలుకి ఇంకాస్త ఊరుతుంది" అన్నారు. కార్టిసాల్ పొద్దున్నే ఎక్కువుంటుంది కాబట్టి ఎనిమిదింటికల్లా రక్తం ఇవ్వమన్నారు.

ల్యాబు మేడ మీద. ఒకటే మెట్లదారి. మా ఆయన బండి పెట్టడానికి కింద ఆగారు. నేను బల్ల మీద కూర్చున్నానో లేదో, దడ మొదలైంది.

పక్కన ఓ మామ్మగారు, ఒళ్లో చిన్న మూట. "ఏంటమ్మాయ్, భయమా? నాకమ్మెయ్" అన్నారు.

"భయాన్ని ఎవరైనా కొంటారా అండి?"

"పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి తవుటికి అమ్మేవాళ్లు కాదూ? మా అన్నయ్యనలాగే అమ్మారు. ఎనభై ఏళ్లు బతికాడు. ఇదిగో, గుప్పెడు తవుడు."

ఆర్నెల్లుగా మూతపడ్డ నా నోరు తెరుచుకుంది. "గుప్పెడా? ఇంత భయానికి? ఆరు గుప్పెళ్లకి తక్కువైతే గిట్టదు మామ్మగారూ."

"పాత సరుకమ్మా. నేను తప్ప ఎవరు కొంటారు?"

"పాతదే కానీ, ఎక్కడా సొట్ట లేదండి."

ఆవిడ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. రెండు గుప్పెళ్లకి కుదిరింది. నా కొంగులో పోస్తే ముడేసుకున్నాను. అప్పుడు గమనించాను, దడ లేదు.

రక్తం ఇచ్చి వచ్చేసరికి బల్ల ఖాళీ. ల్యాబు అమ్మాయినడిగితే, "మీరొక్కరే కదండీ ఉన్నారు! ఫోన్లో ఎవరితోనో బేరమాడుతున్నారనుకున్నాను" అంది. నా ఫోను మా ఆయన జేబులో ఉంది. మెట్ల మీద ఆయనకెవరూ ఎదురుపడలేదట.

కార్టిసాల్ మామూలుగానే వచ్చింది. ఆందోళన ఉన్నా చాలామందికి అలాగే వస్తుందన్నారు డాక్టరుగారు. నవ్వాను, ఊపిరి నిదానించింది, దడ దానంతటదే దిగింది, అంతేనట. ఒప్పుకున్నాను. మరి ఇదేంటండీ అని, కొంగులోంచి తీసి పొట్లం కట్టి ఉంచిన తవుడు విప్పాను. వాసన చూశారు, వేళ్లతో నలిపారు, పొట్లం మళ్లీ కట్టి నా చేతికిచ్చేశారు. మా ఇంట్లో ఆవూ లేదు, గేదే లేదు.

ఇప్పుడూ అప్పుడప్పుడు దడ వస్తుంది. నేను కంగారుపడను, అదే పోతుంది. బేరాల్లో ఊరివాళ్లు మళ్లీ నన్ను తిట్టుకుంటున్నారు. మా ఆయన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆవిడెవరో, ఆ తవుడెలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. ఒక్కటే బాధ. మూడు గుప్పెళ్ల దగ్గర గట్టిగా నిలబడాల్సింది. ఇచ్చేవారే.