వాగులో రెండు బుట్టలు

మేడం నీళ్ల సీసా మూత తీయబోయి, మూతకు పక్కగా గాలిలో వేళ్లు తిప్పుతూ ఉండిపోయారు. నాకు మొదట భయం వేసింది అప్పుడే. కాసేపటి కిందటే “కొంచెం చేదు” అని నోట్‌బుక్‌లో తన చేత్తోనే రాసుకున్నారు. ఇప్పుడు మూత దొరకడం లేదని నవ్వుతున్నారు. పెదవి కొసన చొంగ కారుతోంది. అది ఆమెకు తెలియలేదు.

టేకులపల్లి దాటాక అడవిలో ఒక చిన్న ఊరు, ఊరి పక్కన వాగు. అడవి దుంపల మీద మేడం రాస్తున్న పుస్తకం కోసం వెళ్లాం. మా వృక్షశాస్త్ర విభాగంలో చేరిన మొదటి మహిళా లెక్చరర్ ఆమె. ఆడమనిషిని అడవికి పంపేది లేదన్నారట అప్పట్లో. సొంత సెలవు పెట్టుకుని, చీర కింద కాన్వాస్ బూట్లు తొడుక్కుని, బస్సెక్కి వెళ్లిపోయారు. “గడ్డి పీకే మేడం” అని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవారట. రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా కూడా నాకంటే వేగంగా నడిచేవారు. నేను ఇద్దరు పిల్లల్ని అత్తమ్మకు అప్పజెప్పి ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నానన్నది పేరుకే. పిల్లలు పడుకున్నాక పుస్తకం తెరిచి, దాని మీదే నిద్రపోయేదాన్ని.

ఆ దుంప విషం. అక్కడివాళ్లు దాన్ని ఉడికించి, చక్రాలుగా కోసి, బుట్టలో పోసి వాగులో మూడు రాత్రులు ఉంచుతారు. పారే నీళ్లు విషాన్ని లాక్కుపోతాయి. ఆ రోజు వాగులో రెండు బుట్టలున్నాయి, ఎగువన ఒకటి, దిగువన ఒకటి. వాటిని పెట్టిన ముసలమ్మ నాకు ఓపికగా చెప్పింది: కొత్త బుట్ట ఎప్పుడూ దిగువనే ఉండాలి, దాని విషం పాతదాని మీదుగా పారకూడదు.

అడిగి రాసే పని నాది. పొద్దున బయల్దేరేటప్పటికి చిన్నదాని ఒళ్లు కాలిపోతోంది. ముసలమ్మ మాట వింటూనే ఉన్నాను, మనసు మాత్రం ఇంట్లో ఉంది. మా ఇంటి డబ్బాలో పాత బియ్యం అడుగున, కొత్తవి పైన. నా చెయ్యి ఆ వరసలోనే రాసేసింది: పైన కొత్తది, కింద పాతది.

మేడం ఏ మొక్కనైనా కొరికి, రుచి చూసి ఉమ్మేస్తారు. ఆ రోజు నేను రాసింది చూసి, దిగువ బుట్టలోంచి ముక్క తీసుకుని, మూడు రాత్రులు నానింది, తినదగ్గదే కదా అని మింగారు.

సీసా మూత దొరక్క నవ్వుతున్న ఆమెను చూసి నేను వేసిన కేకకు ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది.

“ఏ బుట్టలది తిన్నది బిడ్డా?”

“కింది దాంట్లది.”

“అయ్యో, అది పొద్దుగాల పెట్టిన గద! నీకు చెప్తిని గదనే! చదువుకున్నోళ్లు గిట్లనేనా వినేది?”

మేడం వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, “తిన్నది నేను గదా అవ్వా, నన్ను తిట్టు,” అన్నారు. ఆ తర్వాత మాట తడబడింది.

ఊళ్లో ఉన్న ఒక్క ఆటోలో దవాఖానాకు తెచ్చాం. దారంతా ఆమె తల నా ఒళ్లో ఉంది. కళ్లు మూతలు పడినప్పుడల్లా చెంప తట్టి లేపాను. ఏం తిన్నారని డాక్టరు అడిగితే చెప్పాను. ఎందుకు తిన్నారో చెప్పలేదు.

సాయంత్రానికి తెలివి వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు. మేడం మొదట నోట్‌బుక్ అడిగారు. ఆ పేజీ చదివారు, నా ముఖం చూశారు. అంతలో విభాగాధిపతి ఫోన్ చేశారు.

“చూసుకోకుండా నేనే తిన్నాను సార్. ఈ అమ్మాయి ఉండబట్టి బతికాను,” అన్నారు మేడం.

నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఫోన్ పెట్టేసి నోట్‌బుక్ నా చేతికిచ్చారు.

“కొట్టేసి పక్కన సరిగ్గా రాయి. తప్పును చెరపకు, కనబడాలె.”

“సార్‌తోని అట్లెందుకు చెప్పిన్రు మేడం?”

“నీ పని ఇంకా చానా ఉంది. నాది అయిపోవచ్చింది.”

ఊరట కలగాలి కదా. కలగలేదు. కూర్చుని గీత కొట్టి, సరిగ్గా రాసి, మేడం చెల్లెలు వచ్చాక బస్సెక్కాను.

ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. చిన్నదాని జ్వరం దిగింది. విభాగాధిపతి మా ఇంటికి ఫోన్ చేసి నన్ను మెచ్చుకున్నారట. అత్తమ్మ వేడి అన్నం పెట్టి, ఎన్నడూ లేంది, పక్కన కూర్చుంది. ఆమెకూ చెప్పలేదు.

పొద్దున్నే బడికి తయారవుతూ పెద్దోడు ఎగిరాడు.

“అమ్మా, నువ్వు మేడంను బతికించినవంట గదా! మా క్లాసుల అందరికీ చెప్తా.”

ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టాను.

“నేను బతికించలేదు నాన్నా. ఆ ఊరి అవ్వ సరిగ్గనే చెప్పింది, నేను తప్పు రాసిన. నా రాత నమ్మి మేడం విషం తిన్నరు. క్లాసుల చెప్తే గట్లనే చెప్పు,” అన్నాను.