మోగని మెట్టు

ఊరందరి నోళ్ళకూ పళ్ళు అమర్చే మనిషికి సొంత ఇంట్లో ఒక్క నోరు తెరిపించడం చేతకాలేదు. కట్టుడుపళ్ళ ల్యాబులో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరూ పళ్ళక్క అంటారు. ఇంట్లో మాత్రం ఆమె చెల్లెలే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా మాటమీదే నెట్టుకొచ్చిన అక్కకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. చెయ్యి పోతే పోయింది. మాట పోయిన దగ్గర్నుంచి అక్క తిండి కూడా మానేస్తోంది. ముద్ద నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించి గోడవైపు తిరుగుతుంది. బతిమాలినా అంతే, కసిరినా అంతే.

మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గర చెల్లెలు ఏడ్చేసింది.

"మాట పోయినా కొందరికి పాట మిగులుతుందమ్మా. పాట పట్టుకుని మాట రావచ్చు, రాకపోవచ్చు కూడా. మీ అక్కగారు పాడేవారా?" అంది ఆవిడ.

పాడేవారా అని మెల్లగా అడుగుతారేమిటి! ఒకప్పుడు అక్క పాడితే జనం కదిలేవారు కాదు. పక్కన కీబోర్డు చెల్లెలిది. ఇరుకింట్లోకి మారినప్పుడు చోటు చాలక దాన్ని అమ్మేశారు, పాట కూడా దాంతోపాటే పోయింది. ఫోన్లో పాటలు పెట్టి చూసింది చెల్లెలు. అక్క విననట్టే పడుకుంది. తను వాయిస్తే తప్ప లాభం లేదనుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది.

పాత వాయిద్యాలు బాగుచేసి అమ్మే మెకానిక్ మూడు కీబోర్డులు బల్లమీద పెట్టాడు. మొదటిదాని మీద వేళ్ళు హాయిగా దిగాయి. ధర విన్నాక వాటంతటవే వెనక్కొచ్చాయి. రెండోది కారుచవక, మెట్లు పిల్లల పాలపళ్ళంత ఉన్నాయి. ఒక బటన్ నొక్కితే కుక్క మొరిగింది, ఇంకోటి నొక్కితే కోడి కూసింది.

"ఇది పాటకా అన్నా, పశువుల సంతకా?"

మూడోది పాతది. తెల్లమెట్లు పసుపెక్కాయి గానీ వేళ్ళకు సరిపోయాయి, ధర కూడా అందేలా ఉంది. ల్యాబులో పంటిని తట్టి చూసినట్టు ఆమె ఒక్కో మెట్టునూ గోటితో తట్టుకుంటూ పోయింది. నడిమధ్య ఒక నల్లమెట్టు పలకలేదు.

"దాని ప్రాణం ఎప్పుడో పోయిందమ్మా. లోపలి ముక్క దొరకదు. శ్రుతి మార్చే బటన్ కూడా లేదు దీనికి. అందుకే ఆ ధర. తర్వాత నన్ననొద్దు," అన్నాడు మెకానిక్.

ఆమె కళ్ళు మూసుకుని, అమ్మ నేర్పిన పాటను చప్పుడు లేకుండా బల్లమీద వాయించి చూసుకుంది. సూర్యుడు పడమట పొడిచినా అక్క ఐదో శ్రుతి వదలదు. ఆ శ్రుతిలో ఈ పాటకు ఆ నల్లమెట్టు ఎక్కడా తగలదు. తగలని మెట్టు మోగితేనేం, మోగకపోతేనేం? తన తెలివికి తనే మురిసిపోయి కీబోర్డును చంకనెత్తుకుంది. పిచ్చి తల్లి, ఒళ్ళంతా మారిపోయిన మనిషికి గొంతు మాత్రం ఎలా మారకుండా ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఇంటికొచ్చి అక్క మంచం పక్కన కూర్చుని ఆ పాటే వాయించసాగింది. అక్క ఇటు తిరిగింది! నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి, గాలి వచ్చింది, పాట రాలేదు. ఆ ఎత్తు ఇప్పుడు అక్కకు అందదు. చెల్లెలు నాలుగో శ్రుతికి దిగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అక్క గొంతులోంచి మాటల్లేని రాగం సన్నగా బయటికొచ్చి, తడుముకుంటూ మొదటి చరణం దాటింది. రెండో చరణంలో పాట పైకి లేచే చోట వేలు సరిగ్గా ఆ నల్లమెట్టు మీద పడింది. కీబోర్డు పలకలేదు. అక్క అక్కడే ఆగిపోయింది.

మళ్ళీ వాయించింది. అక్క మళ్ళీ అక్కడే ఆగింది. ఇంకా కింది శ్రుతులకు దిగి చూస్తే మరీ లోతు, అక్కకు అందలేదు. నాలుగోసారి అక్క ఎడమచేతి పిడికిలితో పరుపును గుద్ది గోడవైపు తిరగబోయింది.

"వద్దక్కా, తిరక్కే! నీ కాళ్ళు పట్టుకుంటా, తిరక్కే!"

ఇంకేం చెయ్యాలో తోచక, ఆ చోటు రాగానే చెల్లెలు తనే గొంతెత్తి పాడేసింది. జన్మలో పాడిన మనిషి కాదు. మేక అరిచినట్టు వచ్చిన ఆ స్వరం, ఉండాల్సిన చోటికి జానెడు పైన పడింది.

అక్క మొహం ఇటు తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"తప్పు."

చెల్లెలు మెట్లమీంచి చేతులు తీసేసింది. "ఏమన్నావక్కా? ఇంకోసారి అను. తిట్టు నన్ను."

అక్క పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు. తలుపు తెరిచి మళ్ళీ మూసేసినట్టు ఆ మొహం మామూలైపోయింది. ఆ ఒక్క మాటతో సరా? ఇక ఇంతేనా?

చెల్లెలు పాట మళ్ళీ అందుకుంది. పైకి లేచే చోటుకు వచ్చేసరికి స్వరం ఎక్కడ పలకాలో ఆమె చెవికి స్పష్టంగా వినిపించింది. గొంతును బలవంతంగా పక్కకు ఈడ్చి, కావాలనే తప్పు పాడింది. అక్క పెదాలవైపు చూసింది. లేదు. ఇంకా ఘోరంగా పాడింది. ఏడుస్తూ పాడింది. పక్కింటావిడ విసుక్కుంటూ కిటికీ మూసుకుంది. అక్క కళ్ళార్పకుండా ఇటే చూస్తోంది, పెదాలు మాత్రం విడలేదు. చెల్లెలు పమిటతో మొహం తుడుచుకుని, తప్పు పాడటానికి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.