గుమ్మం దగ్గర చెంచాడు పెరుగు

హైస్కూల్లో చేరినప్పటి నుంచి మా అమ్మాయికి పొద్దున బయలుదేరే వేళకు కడుపునొప్పి. సెలవుల్లో ఉండదు. విదేశంలో మేముండే పాయింట్ కుక్‌లో మా డాక్టరుగారు పరీక్షలు చేయించి, లోపల ఏమీ లేదు, ఒత్తిడి కావచ్చన్నారు. పేగులకు మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్స్ ఇవ్వచ్చా అని అడిగాను. "కొందరికి పనిచేస్తాయేమో, గట్టిగా చెప్పలేను. ముందు తనతో మాట్లాడండి" అన్నారు. నేను మొదటి మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివినదాన్ని. పేగుల్లోని బ్యాక్టీరియాకూ మనసుకూ సంబంధం ఉందంటూ బోలెడు చదివాను. చదివినవన్నీ ఇంకా పరిశోధన జరగాలంటూనే ముగిశాయి. దాంతో ఇవ్వాలో మానాలో తేలలేదు. అయినా క్యాప్సూల్స్ కొన్నాను. పిల్ల మింగలేకపోయింది. అందుకని రోజూ ఒకటి విప్పి, పొడి పెరుగులో కలిపి, కాస్త చక్కెర వేసి, బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గరికి రాగానే నోట్లో పెట్టేదాన్ని.

నొప్పి తగ్గలేదు సరికదా, ఇంకా ముందే మొదలవుతోంది.

నిన్న స్కూలు నుంచి తీసుకొస్తూ కారులో అడిగాను. "స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా నాన్నా?"

"నో. ఇట్స్ ద పెరుగు."

"పెరుగా? పడట్లేదా?"

"పెరుగు, షుగర్ అంటే ఎగ్జామ్ కదమ్మా. ఎగ్జామ్ రోజే పెట్టేదానివి. నౌ ఇట్స్ ఎగ్జామ్ ఎవ్రీ డే."

పరీక్షకు వెళ్లేటప్పుడు మా అమ్మ నాకలాగే పెట్టేది. మంచి జరగాలని నేనూ దీనికి చిన్నప్పటి నుంచీ పెట్టాను. చేతికి అలవాటైన పని, దీనికి పరీక్ష గుర్తొస్తుందని తోచనేలేదు.

"అది మందే. మంచి బ్యాక్టీరియా."

"కూల్. స్ట్రెస్ విత్ షుగర్."

"మరి పెరుగు పెట్టకముందు కూడా నొప్పి ఉండేదిగా?"

కిటికీ వైపు తిరిగింది. "డన్నో. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలీదు. మా పాత గ్యాంగ్ అంతా వేరే స్కూలు."

ఇంటికొచ్చేదాకా కారు నడుపుతూ ఆలోచించాను. దీనికి ఏ క్యాప్సూల్ ఇవ్వాలి? పొడి మానేయాలా, రాత్రి మజ్జిగలో కలపాలా? లేక మానేయాల్సింది గుమ్మం దగ్గర నిలబడడమా?

ఈ పొద్దున చెంచా తీయలేదు. అయినా గుమ్మం దాకా వెళ్లాను. అది నా చేతుల వైపు చూసింది. నొప్పిగా ఉందా అని అడగబోయి ఆగిపోయాను. అడిగితే అదీ ఒక పరీక్షేనేమో.

"బై అమ్మా" అని వెళ్లిపోయింది. నొప్పి ఉందో లేదో నాకు తెలియలేదు.