ఊఁ కొడుతూ రాసిన ఇంగ్లీషు పరీక్ష

ఆ రోజుల్లో మా ముత్తియాల్‌పేటలో ఇంగ్లీషు రాదని ఎవరూ దిగులుపడేవాళ్ళు కాదు. ఇంగ్లీషుకి పరీక్ష పెడతారని తెలిసిన నాలాంటి వాళ్ళకే ఆ దిగులంతా. ఆ రోజులంటే మరీ తాతల కాలం కాదు లెండి. సెల్‌ఫోన్లు వచ్చేశాయి, కాకపోతే మా ఇంటికి వచ్చింది ఒక్కటే, అది నాయన చొక్కా జేబులో కాపురం ఉండేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరిగిన నేను మూడింట్లోనూ ఏ పక్షపాతమూ లేకుండా తప్పులు మాట్లాడేవాణ్ణి. (తెలుగు అక్షరాలు నాకు పట్టుబడింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. కాబట్టి ఇందులో తప్పులు కనిపిస్తే పెద్ద మనసు చేసుకోండి.) ఇరవై రెండేళ్ళ వయసు. తెలివి చారెడు, ఆశ గంపెడు.

డిగ్రీ అయి ఏడాది దాటింది. నాయన వైర్‌మాన్. ఊరందరి ఇళ్ళలో ఫ్యాన్లు తిప్పే ఆయనకి మా ఇంటి ఫ్యాను బాగుచేసే తీరిక మాత్రం ఎప్పుడూ దొరకలేదు. నా విషయంలో మాత్రం ఆయన చాలా తీరిగ్గా ఆలోచించి ఒక తీర్పు చెప్పాడు. "ఈ తూరి ఉద్యోగం రాకపోతే ఒకటో తేదీ నించి మామ కొట్లో కూసో." మామ అంటే మా మేనమామ. ఇనప సామాన్ల కొట్టు. మనిషి బంగారమే గానీ, అంతకు ముందు ఒక వారం రోజులు ఆ కొట్లో మేకులు తూచిన అనుభవం నాకుంది. రెండో రోజుకే నా చేతులు, మూడో రోజుకి నా కలలు తుప్పు వాసన కొట్టాయి. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ మనుషులు కావాలని ప్రకటించింది. హోటళ్ళలో గదులు కావాలని ఎక్కడెక్కడినుంచో ఫోన్లు చేసేవాళ్ళతో మాట్లాడే పని. ముందు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పరీక్ష, తర్వాత ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పరీక్ష. రెండూ దాటితే ఏసీ గదిలో కుర్చీ, లేకపోతే మామ కొట్లో ముక్కాలిపీట.

చదివేదాంతో పెద్ద పేచీ రాలేదు. పాత ప్రశ్నల పుస్తకమొకటి సంపాదించి, మే నెల ఎండలో, తిరగని ఫ్యాను కింద పడుకుని, మంచుగడ్డల మీద పక్షులు ఒళ్ళు వెచ్చగా ఎలా ఉంచుకుంటాయో చదువుతూ చెమటలు కార్చేవాణ్ణి. వినేదాంతోనే వచ్చింది చిక్కు. సాయంత్రం నాయన ఇంటికి రాగానే ఫోను అడిగి తీసుకుని, దాంట్లో అభ్యాసం కోసం ఎక్కించుకున్న సంభాషణలు పెట్టేవాణ్ణి. ఆ ఫోను గొంతు మరీ చిన్నది. అందుకని దాన్ని ఇత్తడి చెంబులో నిలబెట్టేవాణ్ణి. అప్పుడు శబ్దం ఖంగుమని వచ్చేది, కాకపోతే లండన్ దొరసాని ఎవరో మా బావిలో పడి అక్కణ్ణుంచి గ్రంథాలయం వేళలు చెబుతున్నట్టు ఉండేది.

మొదటిరోజే మా అవ్వ వచ్చి చెంబులోకి తొంగి చూసింది. అవ్వ అంటే నాయన తల్లి. "ఎవుర్రా లోపల?" అంది. ఇంగ్లీషు దొరసాని అవ్వా అన్నాను. అవ్వ పెదవి విరిచింది. చిన్నప్పుడు ఈ ఊరినేలిన ఫ్రెంచి దొరల్ని చూసిన మనిషి, ఇంగ్లీషువాళ్ళంటే ఆమెకు పక్కూరి చుట్టాలంత చులకన. "మాకు తెలిసిన దొరసానులు ఇంత గబగబా మాట్లాడరు. ఎవరో తరుముతా ఉన్నట్టు ఏంది ఈమె?" అంటూనే పక్కన చతికిలబడి, తమలపాకుల పళ్ళెం ముందు పెట్టుకుని, దొరసాని ఊపిరి తీసుకున్నచోటల్లా "ఊఁ... ఊఁ..." అనడం మొదలుపెట్టింది.

మా ఇంట్లో అది చట్టం. కత చెప్పేవాళ్ళుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే అవ్వ కతలో రాజు కాలు గుర్రమ్మీద ఒకటి, నేలమీద ఒకటి పెట్టి అలాగే ఆగిపోయేవాడు, మనం ఊఁ అన్నాకే పూర్తిగా ఎక్కేవాడు. నేను విసుక్కుని, "అవ్వా, అది ఫోను, నువ్వు ఊఁ అన్నా వినబడదు" అన్నాను. "నీకు వినబడతాది గదా. పాపం ఆ బిడ్డ అంతసేపు గొంతు చించుకుంటా ఉంటే, ఒకరన్నా ఊఁ అనొద్దా? మనుసులం గాదా మనం?" అంది. నేను చెంబుని ఇంకాస్త నా వైపుకి జరుపుకున్నాను. నాలుగైదు రోజులకి ఒక వింత జరిగింది. అవ్వ లేనప్పుడు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆమె పక్కన కూర్చుని ఊఁ కొడుతుంటే కాస్త కాస్త అర్థమయ్యేది! ఒక ముద్ద మింగాక రెండో ముద్ద అందుకున్నట్టు, ఒక ఊఁ తర్వాత ఒక మాట లోపలికి దిగేది. ఇంకేం, నేనూ మొదలుపెట్టాను. ఆ నెలంతా మా అమ్మ ఇరుగుపొరుగుతో, "మా ఇంట్లో ఇద్దురు చేరి చెంబుకి ఊఁ కొడతా ఉండారమ్మా, ఎవరికి చూపించేదో తెలీడంలా" అని చెప్పుకునేది.

పరీక్ష రోజు వచ్చింది. ఏసీ హాలు, ఇరవై మందికి ఇరవై పైచిలుకు గళ్ళు, గడికొక కంప్యూటరు. చదివే పరీక్ష ముందు పెట్టారు, ఏదో గట్టెక్కాననిపించింది. తర్వాత చెవులకి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. కొబ్బరి చిప్పలంత ఉన్నాయి. పెట్టుకోగానే లోకం మాయమైపోయింది, నా గొంతు ఎంత పైకి లేస్తోందో నాకే తెలియదు. లోపల ఎవరో పెద్దాయన హోటల్‌కి ఫోను చేసి, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు, కింద గది ఇప్పించండి అంటున్నాడు. నాకు గుండె కరిగిపోయింది. ఎంత బాగా అర్థమవుతోందో! జవాబులు చకచకా నొక్కుతున్నాను. మొదటి భాగం అయిపోయి నిమిషం విరామం వచ్చింది. భుజమ్మీద చెయ్యి పడింది. పరీక్ష కాసే మేడం. హెడ్‌ఫోన్లు తీశాను.

"ఎన్న తంబి, ఉడంబు సరియిల్లయా?" అని అడిగింది, ఒంట్లో బాగాలేదా అని. అప్పుడు చూశాను, హాలు హాలంతా నా వైపే చూస్తోంది. నేను ఐదు నిమిషాలుగా ఇరవై మంది మధ్య కూర్చుని, మా వరండాలో కొట్టినట్టు బిగ్గరగా ఊఁ కొడుతున్నానట. మోకాళ్ళ నొప్పుల దగ్గర "అయ్యో" అని కూడా అన్నానట. (ఇది తర్వాత పక్క గడివాడు చెప్పాడు. వాడు నా అయ్యో విని తనకేదో తప్పు వచ్చిందని జవాబు మార్చుకున్నాడట.) మేడం వేలు చూపించి, ఇంకోసారి సత్తం, అదే చప్పుడు, వచ్చిందంటే లేపి బయటికి పంపించేస్తానంది.

రెండో భాగం మొదలైంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మ్యూజియం గురించి ఎవరో చెబుతున్నారు, మాటలు ఒక చెవిలోంచి వచ్చి ఏ పనీ లేనట్టు రెండో చెవిలోంచి వెళ్ళిపోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు. ఐదు ప్రశ్నలకీ కళ్ళు మూసుకుని ఏది తగిలితే అది నొక్కాను. ఇంకా రెండు భాగాలున్నాయి. కళ్ళ ముందు మామ కొట్టు, ముక్కాలిపీట, అంగుళం మేకులు, రెండంగుళాల మేకులు వరసగా కనిపించాయి. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. విరామం రాగానే సిగ్గు విడిచి చెయ్యెత్తాను. "మేడం, మా ఇంట్లో కత వింటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నాకు బుర్రకెక్కదు" అని తమిళంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. హాల్లో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. నన్ను ఒక క్షణం ఎగాదిగా చూసి, "మా ఆయా కూడా అంతే, ఉమ్ కొట్టకపోతే కత ఆపేసేది" అంది. ఆయా అంటే ఆమె అవ్వ. తర్వాత నన్ను అక్కణ్ణుంచి లేపి, చిట్టచివర గర్రుగర్రుమనే ఏసీ పక్కన ఖాళీగా ఉన్న గడిలో కూర్చోబెట్టి, "మెల్లగా కొట్టుకో" అని చెప్పి వెళ్ళింది. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మిగిలిన రెండు భాగాలూ ఆ ఏసీ, నేను కలిసి రాశాం.

వారానికి ఫలితం వచ్చింది. చదవడంలో బొటాబొటి. వినడంలో మాత్రం, ఆ మ్యూజియం పోయినా, "చాలా బాగుంది" అని కాగితం మీద అచ్చేసి మరీ ఇచ్చారు. ఉద్యోగం ఖాయం. నాయన ఆ సంతోషంలో ఇంటి ఫ్యాను విప్పాడు (మళ్ళీ బిగించింది దీపావళికి). మామ అల్వా పొట్లం తెచ్చి, "నా మేకులు బతికిపోయినాయిరా" అన్నాడు. నేను వరండాలో కూర్చుని, ఒళ్ళో ఆ కాగితం పెట్టుకుని, నాయన ఫోనులో స్నేహితులందరికీ నా విజయాన్ని టైపు చేస్తున్నాను. పక్కన అవ్వ, తన పన్నెండో ఏట వీరాంపట్టినం గుడి తేరు చూడబోయిన కత చెబుతోంది.

"జనం, ఇసకేస్తే రాలదు."

"ఊఁ."

"తేరు కదిలింది."

"ఊఁ."

"కదిలి, రెక్కలు మొలిచి, ఎగిరిపొయ్యి అరియాంకుప్పం ఏట్లో దిగింది."

"ఊఁ."

అవ్వ ఆగింది. నాయన చేతిలో స్క్రూడ్రైవరు కూడా ఆగింది. నేను టైపు చేస్తూనే ఉన్నాను.

"ఆ కాయితంలో ఏం రాసుండారురా?" అంది అవ్వ.

"వినడం చాలా బాగుందని రాశారవ్వా."

"అట్టనా. తేరు యాడికి పొయ్యింది?"

తేరు ఎక్కడికి పోతుంది? "గుడి చుట్టూ తిరిగి గుడికాడికే వచ్చింది" అన్నాను, తలెత్తకుండా, మంచి ధీమాగా. ఇల్లు ఇల్లంతా గొల్లున నవ్వింది. మామ అల్వా పొలమారి దగ్గాడు. "తప్పు" అంది అవ్వ, ఆకుకి సున్నం రాసుకుంటూ.

ఫోను నాయనకిచ్చేసి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, మొదట్నుంచీ చెప్పమన్నాను. "మీ పరీచ్చలో రెండో తూరి చెప్పరంట గదరా" అంది. అయినా చెప్పింది. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు చెప్పింది. నేను ఆ ఉద్యోగంలో పదేళ్ళు పనిచేశాను, ఎవరెవరి మోకాళ్ళ నొప్పులో విన్నాను, బాగా వింటానని మెప్పు కూడా పొందాను. అవ్వ ఇప్పుడు లేదు. తేరు కత అడిగితే మొత్తం చెప్పగలను. ఒకటే బాధ. ఒకే కతని రెండుసార్లు ఒకేలా చెప్పిన పాపాన ఎన్నడూ పోని మనిషి ఆమె. ఆ సాయంత్రం మొదటిసారి చెప్పిన కతలో, రెక్కలు రాకముందు ఏమేం ఉన్నాయో నాకు తెలియదు. పోనీ, ఆ సాయంత్రం అవ్వ పక్కనే ఉన్నాడు గదా అని ఆ ఇరవై రెండేళ్ళ మొనగాణ్ణి అడుగుదామనుకుంటే, వాడు ఫోనులోంచి తలెత్తకుండా ఊఁ అంటున్నాడు.