అడగని ప్రశ్నకు జవాబు రాయనివ్వని పద్మక్క

"అక్క లేదు తమ్మీ" అని పద్మక్క భర్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగుతున్నాను. ఇంట్లో లేదంటున్నాడనుకొని, ఆఫీసుకు వచ్చి ఉంటుంది బావా అన్నాను. అవతల ఆయన దుఃఖం కట్టలు తెంచుకునేదాకా ఆ దుర్వార్త నా బుద్ధికి అందలేదు. ఆ ఉదయం చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కుప్పకూలిందట. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. వయస్సు నలభై ఆరేళ్లు. రెండు వారాలు కావస్తున్నా నా మనస్సు ఆ వాక్యం దగ్గరే నిలిచిపోయి ఉంది.

పద్మక్క ఉప్పల్ పాత ఊరి బిడ్డ. తాతల నాటి పొలాలు ప్లాట్లుగా మారిపోయిన కుటుంబం. నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యతా విభాగంలో రికార్డులు రాస్తూ జీవితం ఆరంభించింది. అక్కడి రిజిస్టరులో ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. వర్తించకపోతే గీత కొట్టి సంతకం పెట్టాలి. ఆ శిక్షణ ఆమె రక్తంలో ఇంకిపోయింది. ముప్పయి దాటాక స్వయంకృషితో ప్రోగ్రామింగ్ అభ్యసించి, నాచారంలోనే ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకొని, చిన్న చిన్న దవాఖానాలకు వెబ్ అప్లికేషన్లు తయారుచేసే పని మొదలుపెట్టింది. నేను ఆమెకు తొలి శిష్యుణ్ణి, ఏకైక సహోద్యోగిని. రాసిన ప్రతి పంక్తినీ నాచేత పైకి చదివించేది. "నోటితోని చెప్పరానిది చేత్తోని రాయకు" అనేది.

నాలుగేళ్ల కిందట ఒక డయాలిసిస్ కేంద్రానికి అప్లికేషన్ చేశాం. రోగికి పడని మందులేవైనా ఉన్నాయా అన్న గడి అందులో ఉంది. ఎవరూ అడగక ఆ గడి ఖాళీగా మిగిలితే, తెర మీద 'లేవు' అని కనిపించేది. రామంతాపూర్ వాసి కొమురయ్యగారిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెర చూసి నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. అది ఆయనకు పడని మందు. ఊపిరి అందక, మూడో రోజున ఆయన మరణించారు. గుండె బలహీనమని అందరూ సమాధానపడ్డారు. మమ్మల్ని ప్రశ్నించినవారు లేరు. అక్క మాత్రం పాత కోడ్ తెరిచి, ఖాళీని 'లేవు'గా మార్చే ఒకే ఒక్క పంక్తిని చూసి నిశ్చేష్టురాలైంది.

ఆ పంక్తి రాసింది నేను. తల్లి జబ్బు వల్ల ఆమె సెలవులో ఉన్న వారంలో, పేజీ నిండుగా కనబడాలని, ఆమెకు చూపకుండా చేర్చాను. ఈ మాట ఇన్నాళ్లూ మా ఇద్దరి మధ్యనే ఉంది.

ఆ పంక్తి బయటపడ్డ మర్నాడు అక్క నన్ను వెంటబెట్టుకొని కొమురయ్యగారి ఇంటికి వెళ్లింది. ఆయన భార్య లచ్చమ్మగారి ముందు నేల మీద కూర్చొని, "తప్పు నాదమ్మా. అడగకుండనే లేవని సూపెట్టిన" అంది.

లచ్చమ్మగారు ఆమె వైపు తిరిగారు. "ఇప్పుడు జెప్తే ఆయన లేసొస్తడా బిడ్డా? ఇంకొకలకు గిట్ల గానియ్యకు."

నేను తల వంచుకొని నిలబడ్డాను. ఆ పంక్తి నాదని చెప్పలేదు. తిరిగి వస్తూ ఆటోలో క్షమాపణ కోరబోతే, నాకు అప్పజెప్పి మళ్లీ చూడకపోవడం తన దోషమేనంది.

ఆ తర్వాత, అప్పటిదాకా చేసిందంతా పక్కన పెట్టి, ఆర్నెల్లు శ్రమించి మొత్తం తిరిగి రాయించింది. వివరాలు దాచే డేటాబేసుకూ వాటిని చూపే తెరకూ వేర్వేరు ప్రోగ్రాములు లేకుండా రెండింటినీ ఒకే నిర్వచనానికి కట్టిపడేసే చిన్న ఫ్రేమ్‌వర్క్‌ను, అంటే అప్లికేషన్ కట్టే చట్రాన్ని, ఎంచుకుంది. ఆ గడికి మూడే విలువలు: ఉన్నాయి, లేవు, అడగలేదు. మూడోదాన్ని ఏ పేజీ మరిచిపోయినా, రాస్తుండగానే ఆ కోడ్ కింద ఎర్ర గీత పడుతుంది. ప్రోగ్రాము తయారే కాదు. అన్ని హంగులూ ఉన్న పెద్ద ఫ్రేమ్‌వర్క్‌లు ఉండగా ఇదెందుకని అడిగాను. "మనకు సమజ్ గాని సామాను ఇంట్ల ఎందుకు తమ్మీ? తక్కువుంటే తప్పు దొరుకుతది" అంది. అయినా ఆమె అంతఃకరణకు శాంతి కలగలేదు. ఎర్ర గీత పడ్డ ప్రతిసారీ, ఇది అప్పుడే పడితే ఆయన బతికేవాడు కదా అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు విన్న ప్రతిసారీ నేను లోలోపల చచ్చేవాణ్ణి.

నిన్న ఒంటరిగా లచ్చమ్మగారి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నా వెనుకకు చూస్తూ, పద్మ రాలేదా అని అడిగారు. ఈ నాలుగేళ్లూ అక్క నెలనెలా వచ్చి ఆమె పక్కన కూర్చొని, మాత్రలు సరిచూసి, కాసేపు ముచ్చటపెట్టి వెళ్లేదట. నాతో ఎన్నడూ అనలేదు. మరణవార్త చెప్పాను. ఆ పంక్తి నాదేనని కూడా చెప్పాను. ఆమె నన్ను దూషించలేదు, ఓదార్చలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఒరిగిపోయారు.

"ఇగ నా తాన ఎవరొచ్చి కూసుంటరు?" అన్నారు.

నేను వస్తానమ్మా అనడానికి ధైర్యం చాలలేదు. అక్కా, నీ పాదాలకు మొక్కుతున్నాను. నీ తర్వాత ఆ గడప దాటి లోపలికి వెళ్లగల మనిషి నాకు ఎక్కడా కనబడడం లేదు.