నురగ మొహాల కుర్చీ

సెలూనాయన మళ్లీ తాగుతున్నాడట! ఆసుపత్రిలో తాగుడు మాన్పించే కమిటీ మీటింగుకే తూలుతూ వెళ్లాడట, గ్లాసు పగలగొట్టాడట, మెడపట్టి గెంటేశారట. కుళాయి దగ్గర పుట్టిన ఈ మాటకు సాయంత్రానికల్లా కాళ్లూ కొమ్ములూ మొలిచాయి. గ్లాసు పగిలిన మాట నిజమే. మిగతాదంతా నోటి దురద.

నాలుగేళ్లుగా అతను చుక్క ముట్టలేదు. మానాలని తంటాలు పడేవాళ్లు పొద్దున్నే, సారాకొట్టు తెరిచే వేళకు, అతని దగ్గరికి వస్తారు. గడ్డం ఉన్నా లేకున్నా మొహమంతా నురగ పూసి, "కదలకు, కత్తి నూరుకొస్తా" అంటాడు. ఆ నూరడం అరగంటకు గానీ అవదు. నురగ మొహంతో ఎంత మొనగాడైనా వీధి దాటలేడు కదా! ఈలోగా యావ చల్లారుతుంది.

ఈ సంగతి కమిటీ చెవిన పడింది. "మీరే మాకు గురువులు" అంటూ డాక్టరమ్మ కబురంపింది. తీరా వెళితే గురువుగారికి దక్కింది తలుపు పక్కన చెయ్యి విరిగిన కుర్చీ. రెండు గంటలపాటు, ఈత రానివాళ్లంతా గట్టున కూర్చుని, మునిగి తేలినవాడికి నీటి లోతు బోధించారు. ఆఖర్న ఆవిడ ఒక కాగితం ముందుకు జరిపింది.

"మీ దగ్గరికొచ్చేవాళ్ల వివరాలు రాయండి. పేర్లొద్దు. వీధి, చేసే పని చాలు. పరిశోధన కోసం."

"మా వీధిలో ఒక్కో పని చేసేవాడు ఒక్కడేనమ్మా. ఇంక పేరెందుకు?"

"అంతా గోప్యంగా ఉంటుందండీ."

ఆ గోప్యపు గదిలోనే, కమిటీ సభ్యుడి హోదాలో, బస్సు డిపో మేనేజరు ఎదురుగా కూర్చుని బిస్కెట్లు నములుతున్నాడు! రోజూ తన కుర్చీలో నురగ పూయించుకునే బస్సు డ్రైవరు ఉద్యోగం కళ్లముందు గిర్రున తిరిగింది. సెలూనాయన విసురుగా లేచాడు. మైకు వైరు కాలికి తగిలి తూలాడు, గ్లాసు కింద పడింది. జరిగింది అంతే.

వారమైనా అతను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే వదిన ఇక ఉండబట్టలేక, పెట్టె పక్కన పెట్టి రోడ్డు దాటి వచ్చింది. కుర్చీలో డ్రైవరు. నురగలోంచి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏం మరిదీ, బెల్లం కొట్టిన రాయిలా ఉంటావేం? ఆ మాట నమ్మి వీళ్లు రావడం మానేస్తే? సూటిగా అడుగుతున్నా, తాగావా?"

కత్తి డ్రైవరు గొంతు మీద ఉంది. సెలూనాయన చెయ్యి ఆగలేదు, వణకలేదు.

"తాగానో లేదో ఈ గొంతుకు తెలుసు వదినా. మిగతావాళ్లని అనుకోనీ. తాగుబోతు దగ్గరికి కాగితం పట్టుకుని ఎవరూ రారు."