మామగారి నోట్లో గుండీలు

ఆ ఇంటి మామగారికి నోట్లో గుండీలు లేనిదే కుట్టుపని సాగదు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు, పాపం ఈయనకు మాటలు రావేమో అనుకుని జాలిపడింది కూడా. కొట్టుకు వచ్చినవాళ్లు ఏమడిగినా ఆయనది ఒకటే జవాబు.

“మాస్టారూ, నా నడుం పెరిగిందా?”

“మ్మ్.”

“తగ్గిందా?”

“మ్మ్.”

ఎవరికి నచ్చిన జవాబు వాళ్లు ఏరుకుని హాయిగా ఇంటికి పోయేవారు.

అలాంటి మనిషికి న్యుమోనియా వచ్చి, వదలనంటూ కూర్చుంది. మందులు వాడితే జ్వరం తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఎన్ని ఎక్స్‌రేలు తీసినా కుడి ఊపిరితిత్తి అడుగున మచ్చ అక్కడే ఉంది. కోడలికి ముద్ద దిగడం లేదు.

“టీబీ కాదని తేలింది. మందులు మార్చినా మచ్చ కరగలేదంటే లోపల ఇంకేదో ఉండాలి,” అంది డాక్టరమ్మ. “గడ్డ కావచ్చు. ఊపిరితిత్తిలోకి కెమెరా గొట్టం వేసి చూద్దాం.”

గడ్డ అనగానే కోడలు ఏడుకొండలవాడికి మొక్కేసుకుంది. మామగారు మాత్రం గుండీల కోసం జేబు తడుముకుంటున్నాడు.

“జ్వరానికి ముందు ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా?” అని అడిగింది డాక్టరమ్మ.

మామగారు ఓరకంట కోడల్ని చూశాడు. “లేదండీ.”

ఆయన అంత స్పష్టంగా జవాబివ్వడంతోనే కోడలికి అనుమానం వచ్చింది.

“పొలమారింది డాక్టరుగారూ. నేను మొదటి చొక్కా కుట్టి, ఎలా ఉంది మామయ్యా అని అడిగాను. మ్మ్ అన్నారు. అంటూనే దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తారు.”

“అప్పుడు నోట్లో ఏముంది?”

“ఎప్పుడూ ఉండేవే,” అని కోడలు ఆగిపోయింది. “గుండీలు.”

గొట్టం వేసినంతసేపూ ఆమె తలుపు బయట చీర చెంగు నలుపుతూనే ఉంది. చివరికి డాక్టరమ్మ చిన్న పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ గుండీ. అందుకే ఎక్స్‌రేకు చిక్కలేదు. గడ్డా లేదు, పాడూ లేదు. కోడలు బెంచీ మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

“కడుపులోకి పోయిందనుకున్నానమ్మా,” అన్నాడు బయటికి తీసుకొచ్చాక మామగారు, బొంగురు గొంతుతో.

“మరి పొలమారలేదని ఎందుకన్నారు?”

“చొక్కా చూసి నవ్వొచ్చిందని నీ ముందు ఎలా చెప్పను? నా నోరు మంచిది కాదమ్మా. ఉన్నదున్నట్టు అనేస్తుంది, ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకే ఆ గుండీలు.”

“ఇంతకీ చొక్కా ఎలా ఉంది?”

ఆయన చెయ్యి పొట్లం మీదికి పోయింది. కోడలు దాన్ని వెనక్కి లాగేసుకుంది.

“చెప్పండి మామయ్యా.”

“శ్రద్ధగా కుట్టావు తల్లీ,” అన్నాడాయన, వేరే దారి లేక. “ఆ మెడలో దూరే తలకాయ దొరకాలి, అంతే.”

ఈసారి కోడలికి పొలమారింది.